పెళ్లి క్యాసెట్లు కంప్యూటర్లోకి ఎక్కించాలంటే 4కే క్యాప్చర్ కార్డు కావాలా?

గోదారిగట్టు:
ఇంట్లో పెళ్లి వీహెచ్ఎస్ క్యాసెట్లున్నాయి, కొన్ని మినీ డీవీలు (క్యామ్‌కార్డర్ చిన్న టేపులు) కూడా. ల్యాప్‌టాప్ ఐ3, 8 జీబీ ర్యామ్, 256 జీబీ ఎస్ఎస్‌డీ. 4కే క్యాప్చర్ కార్డు, గ్రాఫిక్స్ కార్డున్న కొత్త పీసీ ఉంటేనే క్వాలిటీ వస్తుందంటున్నాడు షాపతను. నిజమేనా అండీ?

రీలుబాబాయ్:
ఆ రెండూ వద్దు. వీహెచ్ఎస్‌లో అడ్డంగా దొరికే వివరమే దాదాపు 240 లైన్లు. పైగా 4కే కార్డులకి హెచ్‌డీఎంఐ కావాలి, మీ వీసీఆర్ వెనక ఉండేవి పసుపు, తెలుపు, ఎరుపు పిన్నులు. మధ్యలో చవక కన్వర్టర్ డబ్బా పెడితే బొమ్మని 16:9కి సాగదీస్తుంది, పెళ్లికూతురు లావైపోతుంది.

ఎస్-వీడియో (రంగునీ వెలుగునీ విడిగా పంపే గుండ్రటి పిన్ను), ఏవీ (ఆ మూడు రంగుల పిన్నులు) ఇన్‌పుట్లున్న మామూలు యూఎస్‌బీ క్యాప్చర్ డివైస్ తీసుకోండి. మన దేశంలో వాడే టీవీ పద్ధతి పాల్ (PAL), దాని సిగ్నల్ 720×576, సెకనుకి 25 ఫ్రేములు. కంప్రెస్ చేయకపోయినా సెకనుకి 21 ఎంబీయే, యూఎస్‌బీ 2.0 మోస్తుంది, మీ ఐ3 కూడా చాలు. చాలనిది డిస్కు. హఫ్‌వైయూవీ లాంటి లాస్‌లెస్ (ఏ వివరమూ పోకుండా కుదించే) కోడెక్‌లో గంటకి 30-35 జీబీ పడుతుంది, అంటే మూడు గంటల క్యాసెట్‌కి 100 జీబీ. 1 టీబీ డిస్కు విడిగా కొనండి. దాన్నీ క్యాప్చర్ డివైస్‌నీ ఒకే యూఎస్‌బీ హబ్‌కి మాత్రం గుచ్చకండి, ఫ్రేములు ఎగిరిపోతాయి. ఫ్రేములు పోతే ఆడియో ముందుకో వెనక్కో జరిగి, మంత్రం ఒకచోట, పంతులుగారి పెదాలు ఒకచోట.

చిట్టిటెక్:
లాస్‌లెస్ ఎందుకు బాబాయ్? ఓబీఎస్ రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో నేరుగా హెచ్.264 (కొంత వివరం వదిలేసి బాగా కుదించే ఫార్మాట్) కొడితే గంటకి రెండు మూడు జీబీలే కదా.

రీలుబాబాయ్:
కొట్టొచ్చు. కానీ ఓబీఎస్ మామూలుగా 30 ఫ్రేముల మీద ఉంటుంది, 25ది 30కి మారితే కదలిక గతుకులు గతుకులుగా వస్తుంది. ఇంకోటి, పాల్‌లో సెకనుకి 50 ఫీల్డులుంటాయి, ఒక్కో ఫీల్డులో ఫ్రేములోని సగం గీతలే ఉంటాయి. వాటిని సరిగా విడదీయకపోతే తలంబ్రాలు పోసేటప్పుడు చేతుల అంచులు దువ్వెన పళ్లలా చీలతాయి. వర్చువల్‌డబ్ అనే క్యాప్చర్ సాఫ్ట్‌వేర్‌లో ఇంటర్‌లేస్డ్‌గానే (ఫీల్డుల్ని కదపకుండా) పట్టి, తర్వాత ఫీల్డుల్ని విడదీసే క్యూటీజీఎంసీ స్క్రిప్టుతో 50 ఫ్రేములుగా మార్చి, అప్పుడు హెచ్.264 చేసుకో. చివర్లో లాస్‌లెస్ ఫైల్ తీసేసినా పర్లేదు.

టేపులమేస్త్రి:
బాబాయ్ వీసీఆర్ సంగతి వదిలేశారు, అసలు క్వాలిటీ అక్కడే ఉంది. పాత టేపులో సింక్ (ప్రతి గీతా ఎక్కడ మొదలవ్వాలో చెప్పే సిగ్నల్) నిలకడగా ఉండదు. మండపం స్తంభం పైభాగం ఒక పక్కకి వంగి ఊగుతుంటే అదే కారణం, ఎంత ఖరీదైన కార్డు పెట్టినా పోదు. వీసీఆర్‌కీ క్యాప్చర్ డివైస్‌కీ మధ్య పానసోనిక్ డీఎంఆర్-ఈఎస్10 లాంటి పాత డీవీడీ రికార్డర్ పెట్టి, సిగ్నల్‌ని దాని గుండా పంపితే చాలావరకు నిలబడుతుంది. డీవీడీ ప్లేయర్ పనికిరాదు, దానికి ఇన్‌పుట్ ఉండదు.

క్యాసెట్ కిటికీలోంచి చూడండి. టేపు అంచున తెల్లటి బూజు కనిపిస్తే వీసీఆర్‌లో పెట్టొద్దు, హెడ్డుకి అంటుకుని తర్వాతి క్యాసెట్లకీ పాకుతుంది. బాగున్నవాటిని ఒకసారి చివరిదాకా తిప్పి, వెనక్కి చుట్టాకే క్యాప్చర్ మొదలుపెట్టండి. అమెరికా నుంచి వచ్చిన క్యాసెట్టయితే పాల్ కాదు, అక్కడి టీవీ పద్ధతి ఎన్‌టీఎస్‌సీ, సెట్టింగ్ మార్చాలి, వీసీఆర్ కూడా దాన్ని ఆడించేదై ఉండాలి.

మినీ డీవీలకి క్యాప్చర్ కార్డే అక్కర్లేదు. టేపు మీద ఉన్నదే డిజిటల్, క్యామ్‌కార్డర్‌ని ఫైర్‌వైర్ (డీవీ పోర్టు) కేబుల్‌తో కలిపితే ఉన్నదున్నట్టు కాపీ అవుతుంది, గంటకి 13 జీబీ. ల్యాప్‌టాప్‌లో కాదు, ఏదైనా డెస్క్‌టాప్‌లో ఫైర్‌వైర్ పీసీఐఈ కార్డు (లోపలి స్లాటులో పెట్టేది) వేయండి. ఒక చివర యూఎస్‌బీ, ఇంకో చివర ఫైర్‌వైర్ పిన్ను ఉన్న ఉత్త కేబుళ్లు ఆన్‌లైన్లో అమ్ముతున్నారు, అవి పనిచేయవు, కొనకండి.