‘వెళ్ళై అట్టై’ని ‘తెల్ల జలగ’ అనవచ్చునా?

మన్నార్ సింధుశాఖ గురించిన తమిళ వ్యాసాన్ని తెలుగులోకి తెస్తున్న సభ్యులొకరు ‘వెళ్ళై అట్టై’ అనే సముద్రజీవి పేరుకు ‘తెల్ల జలగ’ అని రాయవచ్చునా అని అడిగారు. రాయకూడదని నా అభిప్రాయం.

తమిళంలో అట్టై అంటే జలగ అన్న మాట నిజమే. మన అట్టపెట్టెలోని అట్టను కూడా వారు అట్టై అనే అంటారు. కాని రామేశ్వరం, మండపం తీరాల జాలరులు ‘కడల్ అట్టై’ అనేది మనం సముద్ర దోసకాయ అని రాసే జీవిని. అది నక్షత్ర చేపలకు చుట్టమే తప్ప జలగలకు కాదు. ఇసుకను మింగి, అందులోని కుళ్ళిన పదార్థాన్ని అరిగించుకొని, మిగిలిన ఇసుకను విడిచిపెట్టే ఈ సాధుజీవికి, నెత్తురు పీల్చి పీడించడాన్ని స్ఫురింపజేసే జలగ పేరు తెలుగులో అన్యాయమే అవుతుంది.

ఇక ‘వెళ్ళై’ సంగతి. వెళ్ళై అంటే తెలుపు. వెళ్ళై అట్టై సముద్ర దోసకాయలలో ఒక జాతి. సముద్రపు గడ్డి పెరిగే ఇసుక నేలల్లో ఉండే ఈ జాతికి శాస్త్రనామం హోలోతూరియా స్కాబ్రా; 1833లో యేగర్ అనే శాస్త్రజ్ఞుడు దీనిని వర్ణించాడు. వీపు బూడిద రంగు నుంచి నలుపు వరకు ఉండి, అడ్డంగా ముడతలు, తరచు లేత చారలు కనిపిస్తాయి. పొట్ట మాత్రం తెల్లగా, సన్నని నల్లచుక్కలతో ఉంటుంది. కనుక పేరులోని తెలుపు పొట్టదేనని నేను భావిస్తున్నాను. ‘తెల్ల’ అని ఊరుకుంటే పాఠకుడు ఒళ్ళంతా తెల్లనిదనుకుంటాడు. అటువంటి నేలల్లోనే కనబడే ‘కుచ్చి అట్టై’, అంటే హోలోతూరియా ఆట్రా, పూర్తిగా నల్లనిది. ఒంటికి ఇసుక అంటుకొని ఉంటుంది, రుద్దితే ఎర్రని రంగు వదులుతుంది. స్కాబ్రా అలా రంగు వదలదు. 2001 నుంచి మన దేశంలో సముద్ర దోసకాయలను పట్టడం వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం కాబట్టి, ఈ తేడాలను ఛాయాచిత్రాలలోనే సరిచూసుకోవాలి.

లాటిన్‌లో స్కాబ్రా అంటే గరుకైనది. ఇండోనేషియా భాషలో దీనిని ‘తెరిపాంగ్ పాసిర్’ అంటారు. తెరిపాంగ్ అంటే సముద్ర దోసకాయ, పాసిర్ అంటే ఇసుక. ఇసుకలో పూడుకొని ఉండే అలవాటును పట్టుకున్న ఆ పేరు నాకు ఎంతో నచ్చింది.

దోసకాయ అన్న మాటతోనూ కొంత చిక్కు ఉంది. మనకు దోసకాయ అనగానే పప్పులో వేసుకునే గుండ్రని పసుపు కాయ మెదులుతుంది; ఈ జీవి పోలిక కీరదోసకు. అయినా ఆ మాట ఇప్పటికే పుస్తకాలలో స్థిరపడింది కనుక మార్చనక్కరలేదు. మొదటిసారి వచ్చినచోట ‘వెళ్ళై అట్టై అనే తెల్లపొట్ట సముద్ర దోసకాయ’ అని రాసి, ఆ తరువాత తమిళ పేరునే వాడుకోవచ్చు.