షేర్డ్ ఎంమ్యాప్‌లో రాసింది కెర్నల్‌కి తెలిస్తే, నా డేటా ఎందుకు పోయింది?

గుంటూరు_కోడర్: మిర్చి యార్డు దగ్గర ఒక కమీషన్ కొట్టుకి లినక్స్ మీద తూకాల ప్రోగ్రామ్ రాశాను. టిక్కీల (మిర్చి బస్తాల) తూకాలు షేర్డ్ ఎంమ్యాప్ ఫైల్లోకి, అంటే మెమరీలో రాస్తే ఫైల్లో రాసినట్టే అయ్యేలా మెమరీకి కలిపిన ఫైల్లోకి, వెళ్తాయి. ప్రతి తూకానికీ ఎంసింక్‌ని (మెమరీలో రాసింది డిస్క్‌కి పంపమనే కాల్) ఎంఎస్_అసింక్‌తో, అంటే పూర్తయ్యేదాకా ఆగకుండా, పిలుస్తాను. మొన్న కరెంటు పోయింది, చివరి 6 టిక్కీల తూకాలు లేవు. డర్టీ పేజీల (మెమరీలో మారి ఇంకా డిస్క్‌కి చేరని ముక్కల) లెక్క కెర్నల్, అంటే లినక్స్‌లోని అసలు భాగం, ఉంచుతుందన్నారు కదా?

కృష్ణలంక_సిస్: ఉంచుతుందండీ, 2006లో వచ్చిన 2.6.19 కెర్నల్ నుంచి. అంతకుముందు సీపీయూ పేజీ టేబుల్లో (ఏ పేజీ మెమరీలో ఎక్కడుందో చెప్పే పట్టికలో) డర్టీ బిట్, అంటే పేజీ మారిందనే గుర్తు, మాత్రమే పెట్టేది, కెర్నల్ వెళ్లి చూసేదాకా దానికి తెలిసేది కాదు. ఇప్పుడు డిస్క్ మీది ఫైలు పేజీని ముందు చదవడానికి మాత్రమే మ్యాప్ చేస్తుంది. మీరు రాయబోతే ఫాల్ట్ వస్తుంది, అంటే సీపీయూ ఆగి కెర్నల్‌ని పిలుస్తుంది, అక్కడే డర్టీ అని రాసుకుని అనుమతిస్తుంది. డిస్క్‌కి పంపేటప్పుడు ఆ అనుమతి మళ్లీ తీసేస్తుంది.

బ్రాడీపేట: యూపీఎస్ పెట్టించండి అన్నా.

గుంటూరు_కోడర్: హార్డ్‌వేర్ బిట్ ఉండగా ఫాల్ట్ ఎందుకు? ప్రతి తూకానికీ ఆలస్యమేగా.

కృష్ణలంక_సిస్: ప్రతి తూకానికీ కాదు, పేజీకి డిస్క్‌కి పంపేదాకా ఒకసారే. పేజీ 4096 బైట్లు. మీ రికార్డు ఎంత?

గుంటూరు_కోడర్: 64.

కృష్ణలంక_సిస్: ఒక పేజీలో 64 తూకాలు పడతాయి. ఆ ఫాల్టే లేకపోతే ఒక్క ప్రోగ్రామ్ మెమరీ అంతా డర్టీ చేసినా కెర్నల్‌కి తెలియదు, డర్టీ_రేషియో పరిమితికి (మెమరీలో ఎంత శాతం దాకా డర్టీగా ఉండొచ్చనే హద్దుకి) అర్థమే ఉండదు.

గుంటూరు_కోడర్: ఫాల్ట్ సంగతి వదిలేయండి. ఎంఎస్_అసింక్ ఏం చేసింది?

కృష్ణలంక_సిస్: ఏమీ చేయలేదు. అంతకుముందు 2.6లో కూడా డర్టీ బిట్లను లెక్కలోకి చేర్చేది, అంతే. ఇప్పుడు లెక్క ముందే ఉంది కాబట్టి ఆ పనీ లేదు. మామూలు సెట్టింగుల్లో కెర్నల్ 5 సెకన్లకోసారి చూసి, డర్టీ అయి 30 సెకన్లు దాటిన పేజీలను డిస్క్‌కి రాస్తుంది. మాన్‌పేజీ (లినక్స్‌తో వచ్చే వివరణ) చదవకుండా రైతుల లెక్కలు ఎలా పెట్టారు?

గుంటూరు_కోడర్: చదివాను! రాత షెడ్యూల్ అవుతుందని పోజిక్స్ (యూనిక్స్ తరహా సిస్టమ్‌ల ప్రమాణం) అంటుంది. కాల్ నుంచి సున్నా (తప్పేమీ లేదని అర్థం) తిరిగొచ్చింది, పని అయిందనుకున్నాను. ఆ రైతు రాత్రంతా లారీలో వచ్చాడు. 6 టిక్కీలూ మళ్లీ కాటా మీదికి ఎక్కించారు. ఆయన నన్ను దొంగని చూసినట్టు చూశాడు. నాకు నెమ్మది అయినా పర్లేదు, చేయని పనికి సున్నా ఇవ్వకూడదు.

పటమట: ఎంఎస్_సింక్ (రాత పూర్తయ్యేదాకా ఆగేది) వాడితే సరిపోయేది కదా?

కృష్ణలంక_సిస్: మాట తూలాను, క్షమించండి. కానీ షెడ్యూల్ అంటే ఎప్పటిలోగా అని పోజిక్స్ చెప్పదు. 30 సెకన్ల తర్వాత రాసినా అది షెడ్యూలే. ఈ రెండిట్లో డిస్క్‌లో పడిందని చెప్పేది ఎంఎస్_సింక్ మాత్రమే.

గుంటూరు_కోడర్: నిన్న రాత్రే సింక్‌కి మార్చాను. అయినా ఆ సున్నా విషయంలో మీతో ఒప్పుకోను.