శాన్ స్టార్మ్ క్లచ్ బండరాయిలా ఉంది, మోకాలు పోతోంది. మీరేం చేశారు?

స్టార్మ్_ఎంవీపీ:
అందరికీ నమస్కారం. నాది పాతికేళ్ళు దాటిన శాన్ స్టార్మ్. గోవాలో తయారైన రెండు సీట్ల ఫైబర్ బాడీ బండి, లోపల రెనో 1149 సీసీ ఇంజిన్, కేబుల్ క్లచ్, అంటే పెడల్ తొక్కితే వైరు లాగి పనిచేసే రకం. ఆదివారం పొద్దున్నే టాప్ తీసేసి బీచ్ రోడ్డులో భీమిలి దాకా వెళ్తే స్వర్గం. అదే సాయంత్రం ఎన్ఏడీ వైపు వెళ్ళాల్సి వస్తే నరకం. క్లచ్ అంత బరువుంది. హనుమంతవాక సిగ్నల్ దగ్గర ఎడమ కాలు వణికిపోతోంది. మొన్న మా ఆవిడ ఒకసారి నడిపి, తాళాలు నా చేతిలో పెట్టి, ఆటోలో ఇంటికెళ్ళిపోయింది.

ఒక మెకానిక్ "ప్రెషర్ ప్లేట్ పోయింది సార్" అంటే క్లచ్ ప్లేట్, ప్రెషర్ ప్లేట్, రిలీజ్ బేరింగ్ మొత్తం సెట్ మార్పించాను. బండి అతని దగ్గరే పదకొండు రోజులుంది. తీసుకొచ్చాక చూస్తే అదే బరువు. ఇప్పుడు "గేర్‌బాక్స్ దగ్గర కేబుల్ లాగే లివర్ పొడుగు చేయిద్దాం" అంటున్నాడు. చేయించమంటారా?

సీతమ్మధార_శీను:
అమ్మేసి ఆటోమేటిక్ కొనుక్కో గురూ 😀

స్టార్మ్_ఎంవీపీ:
ఆ సలహా ఇంట్లో రోజూ ఫ్రీగా వస్తోంది, ఇక్కడ కూడానా.

జెన్_గాజువాక:
లివర్ మాత్రం ముట్టుకోకు అన్నయ్యా. నేను ఆ పని చేసి బుద్ధి తెచ్చుకున్నాను. నా పాత జెన్‌కి 120 మిల్లీమీటర్ల లివర్ ఉంటే ఆటోనగర్ లేత్ షాపులో ముక్క వెల్డింగ్ చేయించి 150 చేశాను. పెడల్ బరువు ఐదో వంతు తగ్గింది. రెండు రోజులు ఊళ్ళో అందరికీ చెప్పుకుని తిరిగాను. కానీ పెడల్ తొక్కే దూరం అంతే కదా, లోపల క్లచ్‌ని విడదీసే రిలీజ్ బేరింగ్ కదలిక కూడా ఐదో వంతు తగ్గిపోయింది. అంటే క్లచ్ పూర్తిగా విడవదు. రివర్స్ వేస్తే గరగర. ఎస్.కోట దాటి అనంతగిరి ఘాట్ ఎక్కుతుంటే మలుపులో ఫస్ట్ గేరు పడలేదు, వెనక బస్సు హారన్. ఆ టెన్షన్ నాకే తెలుసు. కిందకి దిగొచ్చాక పాత లివరే బిగించుకున్నాను. అప్పటికే గేర్లు సాఫీగా పడేలా చేసే సింక్రో రింగులు కొంత అరిగాయి.

రిటైర్డ్_ఈఆర్ఏ:
బాబూ స్టార్మ్, నేను నేవీలో ఇంజిన్ రూములో పాతికేళ్ళు పనిచేసినవాణ్ని. నువ్వు చెప్పినదాంట్లోనే జవాబుంది. సెట్ మొత్తం కొత్తది వేసినా బరువు తగ్గలేదంటే తప్పు ప్రెషర్ ప్లేట్ స్ప్రింగ్‌ది కాదు. 60 గుర్రాల ఇంజిన్‌కి అంత గట్టి స్ప్రింగ్ ఎవరూ పెట్టరు. మధ్యలో ఎక్కడో రాపిడి తినేస్తోంది.

ఊహలు వద్దు, కొలువు. ఇంట్లో ముల్లు తిరిగే బరువు మిషన్ ఉందా? మనుషులు ఎక్కి నిలబడేది. డిజిటల్ వద్దు, ముల్లుదే కావాలి. పెడల్ మీద చిన్న ప్లైవుడ్ ముక్క పెట్టి, దాని మీద మిషన్ ఆనించి, కాలితో నెమ్మదిగా తొక్కు. ముల్లు ఎంత చూపిస్తే అది రాసుకో. తర్వాత సగం తొక్కిన చోటి నుంచి నెమ్మదిగా వదులుతూ మళ్ళీ చూడు. తొక్కేటప్పుడు, వదిలేటప్పుడు అంకెలు దగ్గరదగ్గరగా ఉంటే అది స్ప్రింగ్ బరువు. రెండింటికీ చాలా తేడా ఉంటే ఆ తేడా అంతా రాపిడి. స్ప్రింగ్ ఎంత తీసుకుంటుందో అంతా తిరిగిస్తుంది. రాపిడి రెండువైపులా తినడమే తప్ప ఇవ్వడం ఎరగదు.

ఫిజియో_లాసన్స్‌బే:
బండి సంగతి మీరు చూసుకోండి, మోకాలి సంగతి నేను చెప్తాను. సీటు బాగా ముందుకు జరుపుకుని మోకాలు మడిచి తొక్కితే బరువంతా మోకాలి చిప్ప మీద పడుతుంది. క్లచ్ పూర్తిగా తొక్కినప్పుడు కూడా మోకాలు కొద్దిగా వంగే ఉండేంత దూరం చాలు. సిగ్నల్ దగ్గర న్యూట్రల్ చేసి కాలు తీసేయండి. సగం తొక్కి కూర్చునేవాళ్ళు నా దగ్గరికి చాలామంది వస్తారు.

స్టార్మ్_ఎంవీపీ:
ఈఆర్ఏ గారూ, కొలిచాను. ఆ రెండు సీట్ల బండిలో బరువు మిషన్, నా కాలు, ఫోన్‌లో వీడియో తీస్తున్న మా అబ్బాయి, ముగ్గురం ఎలా పట్టామో అడక్కండి. తొక్కేటప్పుడు 20 కేజీలు. వదిలేటప్పుడు 9. మూడుసార్లు చూశాను, అటూ ఇటూ ఒక కేజీ.

రిటైర్డ్_ఈఆర్ఏ:
20, 9! చూశావా. స్ప్రింగ్ సొంత బరువు 13, 14 కేజీలే. మిగతాదంతా రాపిడికి నువ్వు కడుతున్న పన్ను. ఇప్పుడు గేర్‌బాక్స్ దగ్గర కేబుల్ విప్పేసి పెడల్‌ని చేత్తో కదిలించు. తేలిగ్గా ఊగితే పెడల్ బుష్, అంటే పెడల్ ఊగే పిన్ను చుట్టూ ఉండే గొట్టం ముక్క, బాగున్నట్టే. బేరింగ్‌ని తోసే ఫోర్క్ లివర్‌ని చేత్తో కొద్దిగా తోసి చూడు, పట్టేస్తోందా అని. తర్వాత కేబుల్‌ని చేతిలోకి తీసుకుని లోపలి వైరు లాగు.

టెక్సస్_బావ:
మధ్యలో దూరుతున్నందుకు క్షమించండి. పుట్టిందీ పెరిగిందీ మర్రిపాలెంలో, ఇప్పుడు డాలస్ పక్కన ఉంటాను. నాది 1985 పోర్షె 911 క్యారెరా. దానికీ కేబుల్ క్లచ్చే. ఇంజిన్ వెనకాల ఉంటుంది కాబట్టి కేబుల్ బండి మధ్య టన్నెల్‌లోంచి వెనక్కి పోవాలి. పెడల్‌కి సాయంగా గేర్‌బాక్స్ లివర్ దగ్గర ఒక హెల్పర్ స్ప్రింగ్ ఉంటుంది. పెడల్ కొంత దూరం వెళ్ళాక ఆ స్ప్రింగ్ మన వైపు తిరిగి తోడు తొక్కుతుంది. ఆ లివర్ షాఫ్ట్ ఎండిపోయి బిగుసుకుంటే ఆ సాయం పోతుంది.

నా బండికి అసలు రోగం ఇంకోచోట దొరికింది. పెడల్ అసెంబ్లీలో ప్లాస్టిక్ బుష్‌లు ముక్కలైపోయి షాఫ్ట్ లోహం మీద లోహం రాసుకుంటోంది. కంచు బుష్‌లు వేశాక సగం పాపం పోయింది. 1987 మోడల్ నుంచి పోర్షె వాళ్ళే 911కి హైడ్రాలిక్ క్లచ్, అంటే వైరు బదులు ఆయిల్ ఒత్తిడితో పనిచేసేది, ఇచ్చారు. కేబుల్‌తో వేగలేకపోయింది నేనొక్కణ్నే కాదన్నమాట.

ఇంకోటి. క్లచ్ ప్లేట్ అరిగే కొద్దీ ప్రెషర్ ప్లేట్‌లోని డయాఫ్రమ్ స్ప్రింగ్ ఫింగర్లు (వేళ్ళలాంటి రేకులు) స్థానం మారి పెడల్ బరువు పెరుగుతుంది. అందుకే పాత బండి ఏడాదేడాదికీ బరువెక్కుతుంది, మనకి వయసు పెరిగిందనుకుంటాం. స్టార్మ్ గారు ఆ ప్లేట్ ముందే మార్చేశారు కాబట్టి ఆ అనుమానం అక్కర్లేదు.

ఆర్ఎస్_ఉక్కునగరం:
హైడ్రాలిక్ క్లచ్ ఉన్నవాళ్ళ కోసం నాలుగు ముక్కలు. నాది 2005 స్కోడా ఆక్టేవియా ఆర్ఎస్, 1.8 టర్బో. క్లచ్‌కీ బ్రేక్‌కీ ఆయిల్ డబ్బా ఒకటే. ఆ ఆయిల్ గాల్లోని తేమ పీల్చుకుంటుంది, మన వైజాగ్ గాలిలో చెప్పక్కర్లేదు. రెండేళ్ళకోసారి మార్చాలి. నాకు పెడల్ బరువెక్కడంతో పాటు పైకి రావడం కూడా నెమ్మదించింది. చివరికి రబ్బరు గొట్టం లోపల ఉబ్బి దారి మూసుకుపోతోందని తేలింది. పైకి చూస్తే నిగనిగలాడుతోంది!

ఎవరో పెడల్ దగ్గర ఆయిల్‌ని తోసే మాస్టర్ సిలిండర్ చిన్నది వేయమన్నారు. 19 మిల్లీమీటర్ల బదులు 17.5 వేస్తే బరువు 15 శాతం తగ్గుతుంది, కదలిక కూడా 15 శాతం తగ్గుతుంది. పైన జెన్ తమ్ముడి లివర్ కథే, నూనెలో వేయించినట్టు.

స్టార్మ్_ఎంవీపీ:
దొంగ దొరికాడు!

పెడల్ తేలిగ్గా ఊగింది. ఫోర్క్ కూడా ఫర్వాలేదు. కేబుల్ తీసి చూస్తే నోట మాట రాలేదు. పాత ఓనరు ఎవరో అసలుది దొరక్క, ఏదో బండి కేబుల్ తెచ్చి వేయించాడు. జానెడు పొడుగెక్కువ. మిగిలిన పొడుగుని ఇంజిన్ పక్కన గుండ్రంగా తిప్పి టై వేసి కట్టారు. ఆ చుట్టలో ఒక వైపు ఎగ్జాస్ట్ పైపుకి ఆని, పై తొడుగు కరిగి నల్లగా జిగురులా అయింది. లోపలి వైరు లాగితే మూడుచోట్ల పట్టేసింది. చివర రెండు పోగులు తెగి ఉన్నాయి, వేలికి గుచ్చుకున్నాయి. సముద్రపు గాలికి పట్టిన ఎర్ర తుప్పు పొడి అరచేతిలో రాలింది. అన్నీ మార్చిన మెకానిక్ కళ్ళ ముందే ఇది వేలాడుతూ ఉంది మరి.

రిటైర్డ్_ఈఆర్ఏ:
అదే. కేబుల్‌కి మలుపుల మొత్తమే శత్రువు. వంపు పెద్దదా చిన్నదా అన్నది వైరు ఆయుష్షుకి ముఖ్యం, రాపిడికి మాత్రం మొత్తం ఎన్ని డిగ్రీలు తిరిగిందన్నదే లెక్క. రాపిడి గుణకం (రాపిడి ఎంతో చెప్పే అంకె) 0.2 ఉంటే ఒక్క 90 డిగ్రీల మలుపుకే 37 శాతం ఎక్కువ లాగాలి. 0.1కి తగ్గిస్తే 17 శాతమే. నువ్వు పూర్తి చుట్టే చుట్టించుకున్నావు.

ఆటోనగర్‌లో కేబుళ్ళు చేసేవాళ్ళ దగ్గరికి వెళ్ళి, లోపల నైలాన్ లైనర్ (నున్నటి పొర) ఉన్న తొడుగుతో సరైన కొలతకి చేయించు. పాత కేబుల్ కొలత ఇవ్వకు, అది తప్పు కొలత. తాడు పెట్టి దారి కొలువు. ఎగ్జాస్ట్‌కి దూరంగా ఉండాలి. లైనర్ ఉన్న కేబుల్‌లో గ్రీజు కూరకు, దుమ్ము పట్టి ముద్దయిపోతుంది. లైనర్ లేని పాత రకానికే నూనె.

జెన్_గాజువాక:
అన్నయ్యా, వైరు చివర ముడి పోసేది నీ ఎదురుగా చేయించు. నాకోసారి అది ఊడి, రెండో గేర్లో ఇంటిదాకా వచ్చాను.

స్టార్మ్_ఎంవీపీ:
నిన్న వేయించాను. తాడుతో కొలిచి, రెండు మెత్తటి వంపులతో, ఎగ్జాస్ట్‌కి జానెడు దూరంగా. మళ్ళీ బరువు మిషన్ పెట్టాం. తొక్కేటప్పుడు 15, వదిలేటప్పుడు 12. పెడల్ పై భాగంలో కొద్దిగా ఖాళీ ఉంచి సర్దాను. గేర్లు వెన్నలా పడుతున్నాయి. పొద్దున మా ఆవిడే ఎంవీపీ నుంచి రుషికొండ దాకా నడిపింది, తాళాలు ఇంకా తన దగ్గరే ఉన్నాయి.

ఒక్కటే మిగిలింది. పెడల్ వదిలినప్పుడు "కీచ్" మంటోంది.

రిటైర్డ్_ఈఆర్ఏ:
పెడల్ బుష్ అయ్యుంటుంది. పిన్ను తీసి శుభ్రంగా తుడిచి, కొద్దిగా గ్రీజు రాయి. కేబుల్‌లో మాత్రం పోయకు, చెప్తున్నాను.