కొండచరియల మ్యాప్‌లో ఎరుపు వచ్చినచోట ఇళ్లకు అనుమతి ఆపేయాలా?

పిక్సెల్ పంతులు:
ఉచితంగా దొరికే ఎస్‌ఆర్‌టీఎం (అంతరిక్ష నౌక రాడార్‌తో కొలిచిన) 30 మీటర్ల గడుల ఎత్తుల డేటా, రాతి రకం, వాన, వాగుకీ రోడ్డుకీ ఉన్న దూరం, అన్నీ వేసి రాండమ్ ఫారెస్ట్‌తో (పాత చరియలు చూసి నేర్చుకునే కంప్యూటర్ మోడల్) ఒక కొండ ప్రాంతానికి మ్యాప్ చేశాను. ఏయూసీ (విరిగే చోటునీ విరగని చోటునీ మోడల్ ఎంత బాగా వేరు చేసిందో చెప్పే మార్కు, గరిష్ఠం 1) 0.9 దాటింది. ఎరుపు, అంటే విరిగే ప్రమాదం ఎక్కువని పడినచోట కొత్త ఇళ్లకు అనుమతి ఇవ్వకూడదని నా వాదన. ఇంత డేటా చేతిలో ఉండగా కొండ విరిగాక జనాన్ని ఖాళీ చేయించడం ఏమిటి?

రాతిగుట్ట:
మోడల్‌కి నేర్పడానికి చరియ విరగని పాయింట్లు ఎక్కడి నుంచి తీసుకున్నారు?

పిక్సెల్ పంతులు:
మ్యాప్ మొత్తంలో ఎక్కడపడితే అక్కడ.

రాతిగుట్ట:
అనుకున్నా. వాటిలో సగం లోయ అడుగున చదును నేల మీద పడి ఉంటాయి. చదును నేల జారదని చెప్పడానికి మోడల్ ఎందుకండీ, వాలు లేయర్ ఒక్కటే మార్కులు కొట్టేస్తుంది. వాలు 20 డిగ్రీలు దాటినచోట నుంచే తీసుకుని మళ్లీ నడపండి. ఇంకో సంగతి. ఎనిమిది మీటర్ల ఎత్తున నిలువుగా కోసిన గట్టు మీ 30 మీటర్ల గడిలో కనపడనే కనపడదు. చుట్టూ ఉన్న వాలుతో కలిసిపోయి మామూలు కొండలా తేలుతుంది. మీ పాత చరియల జాబితా కూడా రోడ్డు వెంటే ఎక్కువ ఉంటుంది, ఎందుకంటే రోడ్డు మూసుకుపోతేనే ఎవరైనా రాసుకుంటారు. అడవి లోపల జారినవి లెక్కలో ఉండవు. అందుకే మోడల్‌కి రోడ్డే దోషి.

రోడ్డు పని:
ఆ ఒక్కటీ ఒప్పుకోను. రోడ్డు నిజంగానే దోషి. కొండ పాదం కోస్తాం, కాలువ సరిగ్గా తీయం, నీళ్లన్నీ ఒకేచోట దిగి మట్టిని నానబెడతాయి.

రాతిగుట్ట:
సరే, కొంత నిజం, కొంత జాబితా లోపం. రెండిటినీ విడదీయడమే కష్టం.

లోయ నీడ:
మీరంతా జారేచోటే చూస్తున్నారు, అసలు చచ్చేది కింద. 2024 జూలై 30న వయనాడ్‌లో చరియ మొదలైంది సుమారు 1,550 మీటర్ల ఎత్తులో. బురదా బండలూ వాగు వెంట దాదాపు 8 కిలోమీటర్లు దిగాయి. అంత కింద వాగు ఒడ్డు మీ మ్యాప్‌లో ఏ రంగు?

పిక్సెల్ పంతులు:
ఆకుపచ్చే, అంటే ప్రమాదం తక్కువని. కానీ మ్యాప్ వద్దనకండి. అమెరికాలోని ఓసోలో 2014 మార్చి 22న 43 మంది పోయారు. ఆ లోయలో పాత జారుళ్ల మచ్చలు అంతకుముందే లైడార్ (విమానం నుంచి లేజర్‌తో నేల ఎత్తు కొలిచే) చిత్రాల్లో కనిపిస్తున్నాయి. చూసి వదిలేయడం మ్యాప్ తప్పా?

లోయ నీడ:
వద్దనలేదండీ. మీ ఎత్తుల డేటా నుంచే నీరు దిగే దారి వస్తుంది కదా, ఎరుపు గడి నుంచి అది ఎటు పోతుందో గీయండి అంటున్నా.

పిక్సెల్ పంతులు:
ఇప్పుడే నిటారు పాయింట్లతో నడిపాను, రాతిగుట్ట గారూ. 0.8 కూడా రాలేదు, పరువు పోయింది. దారులు గీస్తున్నా. అనుమతుల మాట మీద మాత్రం వెనక్కి తగ్గను. ఆ వాగు ఒడ్లు కూడా కలుపుతా, అంతే.

రోడ్డు పని:
అయితే ముందు మా కాలువలు కూడా ఎక్కించండి. నీళ్లు మీ డీఈఎం (ఎత్తుల డేటా) చెప్పినట్టు దిగవు, మేం తిప్పినట్టు దిగుతాయి.