బావి నీళ్ల పరీక్ష మీద గ్రూప్ ప్రాజెక్ట్: ఒక సెమిస్టర్‌లో ఎంతవరకు చేయొచ్చు?

ప్రశ్న

కెమిస్ట్రీ, మైక్రోబయాలజీ విద్యార్థులం ఆరుగురం ఉన్నాం. ఈసారి గ్రూప్ ప్రాజెక్ట్ జనానికి పనికొచ్చేదై ఉండాలని షరతు. బావులు, బోర్ల నీళ్లే తాగే ఊరు ఒకటి ఎంచుకున్నాం. మొత్తం 40 నీటి వనరులున్నాయి. పీహెచ్, టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాల మొత్తం), కాఠిన్యం, క్లోరైడ్, సల్ఫేట్, ఇనుము, ఫ్లోరైడ్, నైట్రేట్, బ్యాక్టీరియా అన్నీ చూద్దామనుకుంటున్నాం. గడువు 14 వారాలు. యూవీ స్పెక్ట్రోఫోటోమీటర్, ఫ్లోరైడ్ ఎలక్ట్రోడ్, ఇంక్యుబేటర్ అందుబాటులో ఉన్నాయి. ఇది సాధ్యమేనా? ఎక్కడ దెబ్బతింటాం?

మొదటి జవాబు

జాబితా సగానికి పైగా కొట్టేయండి. ఒక్కో పరీక్ష ముందు ఒకటే ప్రశ్న వేసుకోండి: ఈ అంకె తెలిస్తే ఆ ఇంటివాళ్లు రేపటినుంచి ఏం మార్చుకుంటారు? కాఠిన్యం, క్లోరైడ్, సల్ఫేట్ చాలావరకు రుచికి సంబంధించినవి. నీళ్లు తాగేవాళ్లకు రుచి ముందే తెలుసు. నాలుకకు తెలియనివి మూడు: ఫ్లోరైడ్, నైట్రేట్, ఈ. కోలి (మలం కలిసిందని చూపే బ్యాక్టీరియా). వీటి మీదే నిలబడండి. పీహెచ్, విద్యుత్ వాహకత బావి దగ్గరే చూసి రాసుకోండి. టీడీఎస్ మీటర్ చూపించి "నీళ్లు మంచివి" అని మాత్రం ఎవరికీ చెప్పకండి. తక్కువ టీడీఎస్ ఉన్న నీళ్లలోనూ మలసంబంధ బ్యాక్టీరియా ఉండొచ్చు.

ఫ్లోరైడ్: ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శక విలువ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు. నమూనా ప్లాస్టిక్ సీసాలోనే తీయాలి. నమూనాకు సమాన పరిమాణంలో టిసాబ్ బఫర్ (పీహెచ్‌ను నిలకడగా ఉంచి, లోహాలు పట్టుకున్న ఫ్లోరైడ్‌ను విడిపించే ద్రావణం) కలపాలి, గాఢత తెలిసిన ప్రామాణిక ద్రావణాలకూ అంతే కలపాలి. బఫర్ లేకపోతే అల్యూమినియం, ఇనుము పట్టుకున్న ఫ్లోరైడ్‌ను ఎలక్ట్రోడ్ చూడలేదు, అంకె తక్కువొస్తుంది. గాఢత పది రెట్లు మారితే 54 నుంచి 60 మిల్లీవోల్టుల తేడా రావాలి. రాకపోతే ఆ రోజు నమూనాలు పెట్టకండి. ప్రామాణిక ద్రావణం, నమూనా ఒకే ఉష్ణోగ్రతలో ఉండాలి. ఐస్ పెట్టె నుంచి తీసిన సీసాను వెంటనే కొలవడం తరచూ జరిగే తప్పు.

నైట్రేట్: వడకట్టిన 50 మిల్లీలీటర్లకు 1 మిల్లీలీటరు ఒక నార్మల్ హైడ్రోక్లోరిక్ ఆమ్లం కలిపి 220 నానోమీటర్ల దగ్గర రీడింగ్ తీసుకోండి. 275 దగ్గర వచ్చిన దానికి రెట్టింపు అందులోంచి తీసేయండి. ఆ తీసేసేది 220 రీడింగ్‌లో పదో వంతు దాటితే, నీళ్లలో సేంద్రియ పదార్థం ఎక్కువ ఉందని అర్థం. ఆ నమూనాకు ఈ పద్ధతి పనికిరాదు. క్వార్ట్జ్ క్యువెట్ (నమూనా పోసి యంత్రంలో పెట్టే చిన్న పాత్ర) తప్పనిసరి, మామూలు గాజు 220 దగ్గర కాంతిని మింగేస్తుంది. ఇంకో గందరగోళం యూనిట్లది. ప్రపంచ ఆరోగ్య సంస్థ విలువ లీటరుకు నైట్రేట్‌గా 50 మిల్లీగ్రాములు, నైట్రోజన్‌గా చెబితే సుమారు 11. ఈ రెంటికీ 4.43 రెట్ల తేడా. నివేదికలో ఏది రాస్తున్నారో ప్రతి పట్టికలో చెప్పాలి.

మొదటి మూడు వారాలు నమూనాల జోలికి వెళ్లకండి. తెలిసిన పరిమాణంలో ఫ్లోరైడ్, నైట్రేట్ మీరే కలిపిన నీళ్లను కొలిచి, అందులో 90 నుంచి 110 శాతం దాకా తిరిగి రాబట్టగలిగాకే ఊరికి బయల్దేరండి.

రెండో జవాబు

బ్యాక్టీరియా సంగతి. పై జవాబులో ఉన్నవాటికంటే ఇక్కడే ఎక్కువ గ్రూపులు బోల్తా కొడతాయి, కారణం ప్రయోగశాల కాదు, సీసా.

క్రిమిరహితం చేసిన సీసాను బావి దగ్గర కడగొద్దు. క్లోరిన్ వేసిన నీళ్లైతే 120 మిల్లీలీటర్ల సీసాలో 3 శాతం సోడియం థయోసల్ఫేట్ 0.1 మిల్లీలీటరు ఆటోక్లేవ్‌కు (ఆవిరితో క్రిమిరహితం చేయడానికి) ముందే వేయాలి. అది లేకపోతే దారిపొడుగునా క్లోరిన్ సూక్ష్మజీవులను చంపుతూ వస్తుంది, ఫలితం శుభ్రంగా కనిపిస్తుంది. బోరు పంపు వాహకత నిలకడగా వచ్చేదాకా నడపండి. గొట్టం తీసేసి, లోహపు కుళాయి మూతి మంటతో కాల్చాకే పట్టండి. సీసా నిండా పట్టకుండా పైన 2 సెంటీమీటర్లకు పైగా ఖాళీ ఉంచితే కలపడానికి వీలవుతుంది. ఐస్ మీద తెచ్చి, వీలైనంతవరకు ఆరు గంటల్లో, ఎట్టి పరిస్థితుల్లోనూ 24 గంటల్లోపు పరీక్ష మొదలుపెట్టాలి.

100 మిల్లీలీటర్లను 0.45 మైక్రోమీటర్ల మెంబ్రేన్ గుండా వడకట్టి 44 డిగ్రీల దగ్గర పెంచండి. ఆ ఇంక్యుబేటర్ అర డిగ్రీ కంటే ఎక్కువ అటూఇటూ అయితే లెక్కలు నమ్మలేం. లోపల థర్మామీటర్ పెట్టి ముందే మూడు అరల్లో చూసుకోండి. రోజుకు ఎనిమిది నమూనాలు మించొద్దు. ప్రతి విడతలో ఒక ఖాళీ నమూనా (క్రిమిరహిత నీళ్లతో), ఒక జంట నమూనా (ఒకే నమూనాను రెండుసార్లు చూడడానికి) ఉండాలి. ఈ. కోలి 100 మిల్లీలీటర్లలో ఒక్కటి కూడా ఉండకూడదు.

చౌకగా అయిపోతుందని హైడ్రోజన్ సల్ఫైడ్ సీసా పరీక్షను (మలసంబంధ బ్యాక్టీరియా ఉంటే నీళ్లు నల్లబడతాయి) ఒక్కదాన్నే నమ్ముకోవద్దు. నేలలోని సల్ఫైడ్ వల్ల కూడా అది నల్లబడుతుంది.

ప్రతి బావి దగ్గర కాగితం మీద ఇవి కూడా రాయండి: 10 మీటర్లలోపు మరుగుదొడ్డి ఉందా, గట్టు పగిలిందా, చుట్టూ నీళ్లు నిలుస్తున్నాయా, చేద నేల మీద పెడుతున్నారా. ఇవి లేకపోతే వచ్చిన అంకెకు కారణం చెప్పలేరు.

ప్రశ్న అడిగినవారు

ధన్యవాదాలండీ. బ్యాక్టీరియా బయటపడిన బావిలో బ్లీచింగ్ పౌడర్ వేయించొచ్చా? ఎంత? ఫ్లోరైడ్ ఎక్కువున్న ఇళ్లకు ఏం చెప్పాలి?

మూడో జవాబు

వేయించొచ్చు, కానీ బావి యజమాని, స్థానిక ఆరోగ్య సిబ్బంది ముందుండాలి. విద్యార్థులు ఒంటరిగా చేసే పని కాదు. లెక్క ఇలా: వ్యాసం 3 మీటర్లు, నీటి లోతు 4 మీటర్లు అయితే 0.785ను వ్యాసం వర్గమైన 9తో, లోతు 4తో గుణిస్తే 28.3 ఘనపు మీటర్లు, అంటే సుమారు 28,300 లీటర్లు. లీటరుకు 50 మిల్లీగ్రాముల క్లోరిన్ కావాలంటే 1.4 కిలోలు. పౌడర్‌లో 33 శాతం క్లోరిన్ ఉంటే 4.3 కిలోలు సరిపోతుంది. పాతబడి 25 శాతానికి పడిపోయిన పౌడరైతే 5.7 కిలోలు. ముందు బకెట్‌లో కలిపి తేర్చి, పైతేట మాత్రమే పోయాలి. కనీసం 12 గంటలు ఆ నీళ్లు ఎవరూ వాడకూడదు. తర్వాత తోడేసి, మిగిలిన క్లోరిన్ లీటరుకు 0.5 మిల్లీగ్రాముల కిందికి వచ్చాకే వాడుకకు ఇవ్వాలి. పగిలిన గట్టు బాగుచేయకుండా ఇదంతా చేస్తే మొదటి వానకే మురుగు మళ్లీ చేరుతుంది.

ఫ్లోరైడ్, నైట్రేట్ క్లోరిన్‌తో పోవు, కాచినా పోవు. కాస్తే ఆవిరైనకొద్దీ గాఢత పెరుగుతుంది. నైట్రేట్ ఎక్కువున్న నీళ్లతో పసిపిల్లలకు పాలు కలపొద్దని వెంటనే చెప్పండి. ఫ్లోరైడ్‌కు మీ 40 వనరుల పటమే మందు: ఒకే ఊళ్లో ఒక బోరుకూ పక్క బావికీ చాలా తేడా ఉండొచ్చు. 1.5 కంటే తక్కువున్నవి ఏవో గుర్తిస్తే, తాగడానికీ వంటకూ మాత్రం అక్కడి నుంచి తెచ్చుకోవచ్చు. అయితే ఫ్లోరైడ్ తక్కువున్న తెరిచిన బావిలో బ్యాక్టీరియా ఉండే అవకాశం ఎక్కువ, రెండూ చూశాకే దారి చూపండి.

ఫలితం ముందు ఆ ఇంటివాళ్లకే, రాతపూర్వకంగా, వాళ్ల భాషలో ఇవ్వండి. ఊరందరికీ చూపే పటంలో ఇంటి పేర్లు వద్దు. ఈ. కోలి కనపడని ఇంటికి "మీ నీళ్లు సురక్షితం" అని రాయకండి, "ఫలానా తేదీన తీసిన నమూనాలో దొరకలేదు" అనే రాయండి. వాన పడ్డ వారంలో అదే బావి వేరే ఫలితం ఇవ్వొచ్చు. అందుకే చివరి నాలుగు వారాలు కొత్త బావులకు కాకుండా, చెడ్డగా వచ్చినవాటిని మళ్లీ పరీక్షించడానికే ఉంచుకోండి.