నేను చెప్పిన జూమ్ క్లాసు రికార్డింగ్‌లో దేన్ని గమనించాలి?

అందరికీ నమస్కారం. డ్వాక్రా సంఘాల లీడర్లకు నాయకత్వ లక్షణాల మీద ఈమధ్య జూమ్‌లో గంటసేపు క్లాసు చెప్పాను. కొత్తగా ఎన్నికైన లీడర్లకు వచ్చే నెల మళ్లీ చెప్పాలి. అందుకే రికార్డింగ్ చూస్తున్నాను. కానీ ఎంతసేపూ నా గొంతు, చేతులు ఊపడం మీదకే దృష్టి పోతోంది.

ఒక్క చోటు మాత్రం నన్ను వదలడం లేదు. సంఘాలు పాటించాల్సిన ఐదు నియమాలు, అంటే పంచసూత్రాల్లో సమావేశాలు, పొదుపు, అంతర్గత అప్పులు అయ్యాక అప్పు వాయిదాల చెల్లింపు దగ్గర, "కిస్తీ కట్టని సభ్యురాలితో మీటింగులో మాట్లాడాలా, ఇంటికెళ్లి మాట్లాడాలా?" అని అడిగాను. ఎవరూ పలకలేదు. కాసేపు ఆగి జవాబు నేనే చెప్పి, పుస్తకాల నిర్వహణలోకి వెళ్లిపోయాను. ఇప్పుడు చాట్ ఫైలు తెరిస్తే, "ముందు ఇంటికే వెళ్లాలి మేడం, ఆమెకి ఏం కష్టమొచ్చిందో" అని ఒకామె రాసి ఉంది. క్లాసు మొత్తంలో నాకు నచ్చిన మాట అదే.

రికార్డింగ్‌లో నా ముఖం తప్ప వాళ్ల ముఖాలు లేవు. ఎక్కడ విసుగొచ్చిందో ఎలా పట్టుకోవాలి? జూమ్ ఆడియో ఫైలు విడిగా ఇస్తుంది కదా, ముందు అది ఒక్కటే వినడం మేలా, లేక సౌండ్ తీసేసి వీడియో చూడాలా? "అంటే", "ఓకేనా" లాంటి ఊతపదాలు లెక్కపెట్టడం వల్ల నిజంగా ఉపయోగం ఉందా? అన్నిటికంటే ముఖ్యంగా, ఆన్‌లైన్‌లో ప్రశ్న అడిగాక మీరు ఎంతసేపు ఆగుతారు? మైకు ఆన్ చేయడానికి మొహమాటపడే ఆడవాళ్లకు క్లాసులు చెప్పిన టీచర్లు, ట్రైనర్లు ఉంటే దయచేసి మీ అనుభవం చెప్పండి.