ఒకే ప్రశ్నపత్రం అందరికీ ఇస్తే అది న్యాయమవుతుందా?

రాయగడ ఉద్యోగి:
అందరికీ నమస్కారం. ఒడిశాలోని రాయగడ దగ్గర ఒక కర్మాగారంలో సిబ్బంది విభాగంలో పనిచేస్తున్నాను. మా మాతృసంస్థ అమెరికాది కావడం వల్ల జాతి సమానత్వం, సమన్యాయం అన్న అంశాల మీద ఆన్‌లైన్ శిక్షణ ఇచ్చారు. అందరినీ ఒకేలా చూడడం సమానత్వమనీ, ఎవరికి ఏ అడ్డు ఉందో చూసి దాన్ని తొలగించడం సమన్యాయమనీ చెప్పారు. ఉదాహరణలన్నీ నల్లవారివీ తెల్లవారివీ కావడంతో మావాళ్లు ఇది మన గొడవ కాదనుకున్నారు. నాకు మాత్రం ఈ మధ్య జరిగిన సూపర్‌వైజర్ పదోన్నతి పరీక్ష గుర్తుకు వచ్చింది. అందరికీ ఒకే పత్రం, ఒకే సమయం, సగం మార్కులు ఇంగ్లీషు వ్యాసానికి. తెలుగువాళ్లూ ఒడియావాళ్లూ నెగ్గారు. కువి భాష మాట్లాడే కోదు తెగ కార్మికుల్లో ఒక్కరూ నెగ్గలేదు. పంపు చప్పుడు విని బేరింగు పోతోందని ముందే చెప్పగల మనిషి వారిలో ఉన్నాడు. కొత్త సూపర్‌వైజర్‌కు ఇప్పుడు అతనే పని నేర్పుతున్నాడు. దిద్దడంలో పక్షపాతమేమీ జరగలేదు. మరి ఇందులో తప్పు ఉన్నట్టా, లేనట్టా?

జయపురం వకీలు:
మీ ప్రశ్నను పోలిన వ్యాజ్యం అమెరికాలో 1971లోనే తేలింది. ఉత్తర కరోలినాలో డ్యూక్ పవర్ సంస్థ నడిపే విద్యుత్కేంద్రంలో నల్లవారిని కూలి విభాగానికే పరిమితం చేసేవారు; అక్కడి అత్యధిక జీతం కూడా మిగతా విభాగాల్లోని అత్యల్ప జీతం కన్నా తక్కువ. పౌరహక్కుల చట్టంలోని ఉద్యోగ నిబంధనలు అమలులోకి వచ్చిన 1965 జులై 2 నాడే ఆ సంస్థ, మిగతా విభాగాల్లో కొత్తగా చేరేవారికి హైస్కూలు పట్టాతో పాటు రెండు రాతపరీక్షలు కూడా పెట్టింది. అంతకుముందు ఆ పట్టా లేకుండానే చేరిన తెల్లవారు పనిని చక్కగా చేసుకుపోతూనే ఉన్నారు. అమెరికా సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి బర్గర్ తన తీర్పులో కొంగ, నక్కల కథను ప్రస్తావించారు. మనం చిన్నప్పుడు చదువుకున్న విందు కథే. ఉద్దేశం మంచిదైనా, పనితో సంబంధం లేని పరీక్ష ఒక వర్గాన్ని వడగట్టి పక్కన పెడుతుంటే అది చెల్లదనీ, సంబంధం ఉందని చూపవలసిన భారం యజమానిదేననీ కోర్టు ఏకగ్రీవంగా తేల్చింది.

తెగ అన్నది అమెరికా వర్ణభేదంతో అచ్చంగా సరిపోదు గనుక, మీకు కేరళ గుమాస్తాల కేసు ఇంకా దగ్గరగా ఉంటుంది. పదోన్నతికి అవసరమైన శాఖాపరీక్షలు నెగ్గడానికి షెడ్యూల్డు కులాల, తెగల ఉద్యోగులకు అదనపు గడువు ఇవ్వడాన్ని మన సుప్రీంకోర్టు 1975లో, ఎన్.ఎం. థామస్ కేసులో సమర్థించింది. పరీక్ష రద్దు కాలేదు, గడువు పెరిగింది, అంతే. అయితే ఆ తీర్పుకు ఆధారమైన, ఉద్యోగాల్లో సమానావకాశం గురించి చెప్పే రాజ్యాంగంలోని 16వ అధికరణం ప్రభుత్వ ఉద్యోగాలకే వర్తిస్తుంది గనుక మీ యాజమాన్యాన్ని దానితో కట్టడి చేయలేరు.

గుణుపురం వాసి:
వకీలు గారి మీద గౌరవం ఉంచుకొనే విభేదిస్తున్నాను. మా నాన్న గారు కాంట్రాక్టు కూలీ. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, పరీక్షలో ఇంగ్లీషు అంటూ మేము నెట్టుకొచ్చాం. ఒడిశా ప్రభుత్వ ఉద్యోగానికి ఒడియా వచ్చి తీరాలన్నారు, నేర్చుకున్నాం, మినహాయింపు అడగలేదు. అడ్డు తొలగించడమని మొదలైనది చివరికి పోస్టుల పంపకం దగ్గర తేలుతుందన్నది నా భయం. అమెరికా సుప్రీంకోర్టే 2023లో హార్వర్డ్, ఉత్తర కరోలినా విశ్వవిద్యాలయాల ప్రవేశాల్లో జాతిని లెక్కలోకి తీసుకోవడం చెల్లదన్నది. మన కోర్టు కూడా 2020లో, ఏజెన్సీ ప్రాంతాల ఉపాధ్యాయ పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే కేటాయించిన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఉత్తర్వును కొట్టివేసింది.

పర్లాకిమిడి మాస్టారు:
నాయనా, ఆ తీర్పు కొట్టివేసింది నూటికి నూరు శాతాన్నే గాని రిజర్వేషన్‌ను కాదు. మీరు కష్టపడి నేర్చుకున్నారు, నిజమే. కాని నేర్చుకోవడానికి మీకు బడి, పుస్తకం, చెప్పే పంతులు ఉన్నారు. సవర తెగ పిల్లలకు అవేవీ లేవనే గదా, మా ఊళ్లో గిడుగు రామమూర్తి పంతులు గారు సవర నేర్చుకొని, ఆ భాషలో వాచకాలు రాసి, బడులు నడిపారు! వ్యావహారిక భాషోద్యమం కోసం ఆయనను ఏటా తలుచుకుంటూ ఈ సగాన్ని ఎందుకు వదిలేస్తామో నాకు అంతుపట్టదు. ఆయన సవరలకు మార్కులు కలపలేదు, చదువునే వారి దగ్గరకు తీసుకువెళ్లారు.

రాయగడ ఉద్యోగి:
అందరికీ కృతజ్ఞతలు. షిఫ్టు మారేటప్పుడు లాగ్‌బుక్ రాయడం, రసాయనాల డబ్బాల మీది హెచ్చరికలు చదవడం పనిలో భాగమే గనుక ఆ రెండింటినీ ఉంచి, వ్యాసాన్ని తీసివేసి, మిగతాదంతా యంత్రం దగ్గరే నోటితో అడగాలని ప్రతిపాదన రాస్తున్నాను. లాగ్‌బుక్ రాయడం డ్యూటీ వేళల్లోనే నేర్పించాలనీ, అందుకు ఒక ఏడాది గడువు ఇవ్వాలనీ కూడా కోరుతున్నాను. ఈ పద్ధతి కోదులకే కాదు, అందరికీ. లాగ్‌బుక్ ఇంగ్లీషులోనే ఉండాలన్న నియమం మా ఫైళ్లలో ఎక్కడా కనబడలేదు. ఒడియాలో రాస్తే ఆడిటర్లు ఒప్పుకుంటారా?

గుణుపురం వాసి:
అందరికీ అయితే నాకు అభ్యంతరం లేదు. కాని నోటిపరీక్షలో అడిగేది ఎవరు? మేనేజరు గారి బావమరిది వచ్చి కూర్చుంటే రాతపరీక్షే వెయ్యి రెట్లు నయం. అడిగేవారు ఇద్దరైనా ఉండాలి, ఒకరికి కువి వచ్చి ఉండాలి. ప్రశ్నలూ మార్కులూ ముందే కాగితం మీద పెట్టించండి.